పండుగనాటి యిల్లు

దసరా దగ్గఱపడగానే హుజూరాబాదు చుట్టుపట్ల పల్లెలలో నేటేట నొక విశేషము కనబడుచుండును. సంవత్సరములో నధికభాగము మూసియుండిన యిండ్ల తలుపులు ఒక్కొక్కటిగా తెఱవబడును. కరీంనగరము వరంగల్లుల నడుమ బాటలో బస్సు దిగినవారును, జమ్మికుంట స్టేషనులో రైలు దిగినవారును, హైదరాబాదునుండి సొంత మోటారులలో వచ్చినవారును తమతమ వాకిళ్ల ముందఱ నిలిచి త్రుప్పుపట్టిన తాళములతో పెనగులాడుదురు. బూజులు దులుపబడును, చేదబావిలోని చెత్త తీయబడును, పొయ్యి రాజును. పాలపిట్టను చూచి, జమ్మియాకు చేతులు మారి, పెద్దలకు దండములు పెట్టుట ముగిసిన రెండుమూడు దినములకే ఆ తాళములు మరల పడును. హుజూరు అను మాటకు సన్నిధి యని యర్థము. సన్నిధియే పేరుగాగల యూరిచుట్టు నిన్ని యిండ్లు తమవారి సన్నిధికి నోచుకొనక యుండుట యాలోచింపదగిన విషయము.

ఏడాదికి పది దినములు మాత్రమే వాడుకొను ఇంటికి యజమాని యనబడు నతడు నిజముగా దేనికి యజమాని? గోడలకా, జ్ఞాపకములకా, లేక తాళపుచెవికా? ఇట్టి యిండ్లు మనకెట్లు కలిగినవో చెప్పి, వానిని నిలుపుకొను పద్ధతిలో మాకు కనబడిన యొక లోపమును చదువరులకు నివేదింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఆ లోపము మా యింటిలోను ఉండినది గావున నితరులను నిందించు తలంపు మాకు లేదు.

సెలవులకు మాత్రమే పోవు ఇల్లు లోకమున కొక వింత కాదు. ఐరోపా ఖండమున కుత్తరపు కొననున్న నార్వే దేశమున సముద్రతీరమునందును కొండలయందును కొయ్యతో గట్టిన చిన్నయిండ్లు నాలుగు లక్షలకు పైగా గలవు. ఆ దేశపు జనసంఖ్య యేబదియైదు లక్షలకు మించి యెంతయో లేదు. ఆ యింటిని వారు 'హ్యుట్టె' యందురు. 1947లో అచటి ప్రభుత్వము పనివారికందఱకును ఏటికి మూడు వారముల సెలవును చట్టముచే నిచ్చినది. 1960లో మోటారుబండ్ల కొనుగోలుపై నుండిన యాంక్షలు తొలగినవి. సెలవును బండియు చేతికి రాగానే మధ్యతరగతి కుటుంబములును తీరమునకు పోయి తమ యింటిని గట్టుకొనసాగినవి. తండ్రి స్వయముగా మేకులు కొట్టి నిలిపిన యింటికి బిడ్డలును, వారి బిడ్డలును ప్రతి వేసవి పోవుచుందురు. శీతకాలమునకు ముందు గొట్టములలోని నీరు వదలిపెట్టవలెను; లేకున్న నది గడ్డకట్టి గొట్టములు పగులును. కొన్నియేండ్ల కొకసారి కొయ్యగోడలకు రంగు వేయవలెను. ఇట్టి పనులే ఆ కుటుంబములను కలిపియుంచు పండుగలు.

ఆ దేశపు చట్టకర్తలు మఱియొక సంగతిని గూడ నాలోచించిరి. తీరమంతయు ఇండ్లుగలవారి పాలైనచో తక్కినవారు సముద్రమును చూచుటెట్లు? 1957నాటి చట్టము బీడుభూములలో నెవరైనను నడచి పోవుటకును, ఇండ్లకు తగినంత యెడముగా తీరమున స్నానము చేయుటకును హక్కు నిచ్చినది. నేటి కట్టడపు చట్టము (2008) నీటి యంచునకు నూఱు మీటర్ల లోపల క్రొత్తకట్టడములను సామాన్యముగా నిషేధించుచున్నది. ఇల్లొక కుటుంబముది, దరి యందఱిది. సొత్తునకు హద్దు గీచుటతోపాటు దారిని గూడ గుర్తించుట యిందలి నీతి.

మన పండుగనాటి యింటికిని వారి వేసవి యింటికిని పెద్ద భేదము గలదు. వారు నివాసము వేఱొకచోట నుండగా వినోదమునకై యింకొక యిల్లు గట్టుకొనిరి. మనదో, తరతరముల నివాసమై యుండి, నివసించువారు వెడలిపోగా పండుగకు మిగిలిన యిల్లు. కావున మన యింటి చరిత్ర యనగా వలసల చరిత్ర. అది నాలుగు తడవలుగా జరిగినది.

మొదటిది చదువుల వలస. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. 1929లో కాజీపేట బల్హార్షాల నడుమ రైలుమార్గము పూర్తియై జమ్మికుంటమీదుగా బండ్లు నడచినవి. పల్లెలలో పైచదువులు లేకుండుటచే కలిగిన కుటుంబములవారు తమ కుమారులను హనుమకొండకును, హైదరాబాదునకును పంపసాగిరి. హుజూరాబాదునకు చేరువనున్న వంగర గ్రామమున పెరిగిన పాములపర్తి వేంకట నరసింహారావుగా రిందుల కుదాహరణము. 1921లో లక్నేపల్లిలో పుట్టి, వంగరకు దత్తుగా వచ్చి, హనుమకొండలో చదివి, రాష్ట్ర ముఖ్యమంత్రియు (1971-73), దేశ ప్రధానమంత్రియు (1991-96) అయిరి. ఆయన పెరిగిన యిల్లు నేటికిని వంగరలో గలదు. అంతటి పదవులు రాని వేలకొలది కుమారులును అదే దారిని పోయిరి. చదువు ఉద్యోగమైనది, ఉద్యోగము పట్టణమున నిల్లైనది, పల్లెయిల్లు సెలవులకు మిగిలినది.

రెండవది అధికారము సడలిన కాలపు వలస. మన సీమలో గడీ యనగా నిల్లుమాత్రము కాదు. అది కచేరీ, అది బందెలదొడ్డి, అది వెట్టికి పిలుచు గొంతు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, 1935లో మన సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగిన యాంధ్రమహాసభలు ప్రజల కష్టములకు నోరిచ్చినవి. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. 1949లో జాగీరులు రద్దయినవి. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టము వచ్చినది. గడీల ప్రభువులు పలువురు హైదరాబాదు చేరిరి. 

మూడవ తడవ వలసకు భూపరిమితి చట్టమును, 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు నడపిన జైత్రయాత్రయు, ఆపై సిరిసిల్ల జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించుటయు కారణములైనవి. మిగిలిన గడీలలో పెక్కింటికి తాళములు పడినవి. కొన్ని కూలినవి, కొన్నిటిలో బడులు, సర్కారు కచేరీలు వెలసినవి. ఆ దర్వాజలు మూతపడినందుకు వాని ముందఱ చేతులు కట్టుకొని నిలిచినవారెవరును కంటతడి పెట్టలేదు. మేమును పెట్టము.

నాలుగవది యెడారి వలస. 1973 తరువాత చమురు ధర పెరిగి అరబ్బు దేశములలో కట్టడములు విరివియైనప్పుడు కరీంనగరము, నిజామాబాదు మండలములనుండి కూలీలు, మేస్త్రీలు, వడ్రంగులు దుబాయి, మస్కటు, కువైటులకు పోయిరి. వీరికి పల్లెలో పెద్దయిల్లుండి కాదు, లేకనే పోయిరి. పోయి సంపాదించి సిమెంటుతో స్లాబుయిల్లు గట్టిరి. రెండేండ్ల కొకసారి దొరకు సెలవులో వచ్చి యందులో నొకటి రెండు నెలలుండి మరల విమాన మెక్కుదురు. ఇంటిని గట్టినవానికే ఆ యిల్లు విడిదియైనది.

ఇట్లు వారసుని యిల్లును, కూలివాని యిల్లును తుదకొక్క తీరున నైనవి. రెండును సొంతదారు సెలవునకై కనిపెట్టుకొనియుండు నిండ్లే.

ఇక నట్టి యిల్లెట్లు బ్రతుకునో చూతము. మన పాతయిండ్లు మట్టిగోడలు, కొయ్యదూలములు, గూనపెంకులు గలవి. మట్టిగోడ ప్రాణము పైకప్పులో నుండును. కోతి యొకటి దుమికి నాలుగు పెంకులు జరిపినచో, మనుష్యుడుండు నింటిలో మఱునాడే యవి సర్దబడును. తాళము వేసిన యింటిలో వానకాలమంతయు నా సందునుండి నీరు కారును. వాసము నానును, నానిన వాసమునకు చెదలు పట్టును, వాసము విఱిగి దూలముపై బరువు పడును, దూలము వంగినపిదప గోడ నిలువదు. మృగశిర కార్తెకు ముందు పెంకులు సరిచేయింపక మూడేండ్లు గడచిన యింటిని బాగుచేయుటకంటె క్రొత్తది గట్టుట సులభమని మేస్త్రీలు చెప్పుదురు. ప్రతిదినము రాజు పొయ్యి పొగయే వాసములకు పురుగుపట్టకుండ మందని పెద్దలనుచుండిరి. మనుష్యులు లేకుండుటయే యింటికి రోగము.

అట్లయిన నెవరు రావలెను? ఎవరికి వచ్చు దారి గలదు? ఇచట మా మాట వినగోరుచున్నాము.

మన సీమలో బతుకమ్మ పండుగ పెత్రమాసనాడు ఎంగిలిపూలతో మొదలై, తొమ్మిది దినములు సాగి, సద్దుల బతుకమ్మతో ముగియును. ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చుట యీ పండుగకు ప్రాణము. కొడుకులు దసరాకు వత్తురు. కూతుండ్రు అంతకు ముందే వత్తురు. తాళపుచెవి మాత్రము కొడుకులతో వచ్చును.

మా యింటిలో జరిగినదే చెప్పెదము. తలిదండ్రులు పోయిన పిదప మా పల్లెయింటి తాళపుచెవి హైదరాబాదులో మా మేజా సొరుగులో నుండుట యలవాటైనది. మా యక్క అత్తవారిల్లు ఆ పల్లెకు నాలుగు క్రోసుల దూరమే. ఒక యేడు మేము దసరాకు ముందునాటి సాయంకాలము చేరునప్పటికి, మా వాకిటి కెదుట పొరుగువారి యరుగుమీద తంగేడు, గునుగు పూలు పోసుకొని యామె బతుకమ్మను పేర్చుచు కనబడినది. పెత్రమాసనాడే యామె వచ్చినదట. తాళము చూచి తిరిగి పోలేక, తొమ్మిది దినములును తన చిన్ననాటి చెలికత్తె యింట దిగి, తన పుట్టింటి వాకిట తానే సాన్పు చల్లి ముగ్గు పెట్టినదట. మేము సిగ్గుపడి, ఇంత కాలమును మాకేల చెప్పలేదంటిమి. ఆమె నవ్వి, "పంచాది నాకెందుకు తమ్మీ? గా తాళంచెవి ఇంకొకటి చేయించియ్యి, చాలు" అన్నది.

ఆ మాట మమ్ము చాలదినములు విడువలేదు. ఏలయన ఆమె వేడుకొన్నది దానమువలె నున్నది. నిజమున కది యామె సొత్తు.

ఈ సొత్తు స్త్రీకి సులభముగా రాలేదు. హిందూ స్మృతి బిల్లు నిలిచిపోయిన దుఃఖమే 1951లో అంబేడ్కరుగారు మంత్రిపదవిని వదలుటకు ముఖ్యకారణములలో నొకటి. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితములో కూతునకు కొడుకుతో సమానభాగ మిచ్చినను, ఉమ్మడి యాస్తిలో పుట్టుకతో వచ్చు హక్కును కుమారులకే యుంచినది. అంతకంటె విశేషము, దాని యిరువదిమూడవ ప్రకరణము. కుటుంబము నివసించు నింటిని పంచుమని కూతురు కోరరాదు. మగవారసులు తమకు తోచి పంచుకొన్ననాడే యామెకు భాగము. అందు నివసించు హక్కైనను పెండ్లికానిది, భర్త విడిచినది లేక భర్తను వీడినది, విధవ యగునప్పుడే. అనగా సుఖముగా కాపురము చేయుచున్న కూతునకు పుట్టింటి గడపలో నిలువ నీడ చట్టమందు లేదు. పొలమునకంటె నింటినే చట్టము గట్టిగా మగవారి చేతిలో పెట్టినది.

మన రాష్ట్రమే యీ విషయమున ముందడుగు వేసినదని గర్వింపవచ్చును. 1985 సెప్టెంబరు 5నుండి యమలునకు వచ్చిన ఆంధ్రప్రదేశ సవరణచట్టము ఉమ్మడి యాస్తిలో కూతునకు పుట్టుకతోడి హక్కు నిచ్చినది. కాని యానాటికే పెండ్లియైన కూతుండ్రను విడిచిపెట్టినది. 2005 సెప్టెంబరు 9నుండి దేశమంతటికిని వర్తించిన కేంద్రసవరణ ఆ భేదమును తొలగించి, ఇరువదిమూడవ ప్రకరణమును కొట్టివేసినది. 2020 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము ఈ హక్కు పుట్టుకతో వచ్చునదే గాని 2005 నాటికి తండ్రి జీవించియుండుటపై నాధారపడదని తీర్పు చెప్పినది.

నార్వేలో నీ యడుగు 1854లోనే పడినది. అంతకు ముందు కుమారునిలో సగముగా నుండిన కూతురి భాగము నాడు సమానమైనది. ఐనను పాలుగలవారి తగవులు మానలేదు. 1965లో నుమ్మడి సొత్తును గూర్చి ప్రత్యేకచట్టము చేసికొనిరి. తోబుట్టువులు కలిసి వేసవియింటిని అనుభవించునపుడు, ఏ వారము లెవరివి, కప్పు బాగుకెవరెంత యీయవలెను, ఒకరు విడిపోదలచిన నెట్లు అను సంగతులను ముందుగనే కాగితముమీద వ్రాసికొనుట వివేకులలో వాడుక. ప్రేమ లేక వ్రాసికొనుట కాదు, ప్రేమ చెడకుండుటకై.

మనలో జరుగుచున్నదేమి? కట్నమిచ్చితిమి గనుక భాగము తీఱినదందురు. కట్నమే 1961నుండి చట్టవిరుద్ధము. నేరముగా నిచ్చినది వారసత్వమునకు చెల్లుచీటి యెట్లగును? పసుపుకుంకుమల పేర నొక చీరపెట్టి, దానితోపాటు హక్కు వదలుకొను కాగితముపై వ్రేలు పెట్టించుకొందురు. అడిగిన ఆడబిడ్డ దురాశాపరురాలు. అడుగని యాడబిడ్డ ఉత్తమురాలు. ఊరినడుమ నిండ్లకు సాగుభూమికివలె పట్టాపుస్తకము సాధారణముగా నుండదు. పంచాయతీవారి యింటిపన్ను లెక్కలో పేరే యాధారము. ఆ లెక్కలో నన్నగారి పేరొక్కటే యుండును. చట్టము కూతునకు వాటా నిచ్చినది. ఇంటివారు తాళపుచెవి నీయలేదు.

ఎడారివలస వారి యింటిలో నీ వింతయే తలక్రిందులుగా నున్నది. అచట తాళపుచెవి యిల్లాలి కొంగుముడిలోనే యుండును. మగడు లేని రెండేండ్లును అప్పులవారితో మాటలాడునది, మేస్త్రీకి కూలి యిచ్చునది, పన్ను కట్టునది యామెయే. కాని పెక్కుచోట్ల స్థలము మామగారిది, సొమ్ము మగనిది, పేరు వారిలో నొకరిది. అచట విధివశమున మగనికేమైన నైనయెడల, తాను కాపాడిన యింటిలో తన భాగమెంతయో యామె కచేరీల చుట్టు తిరిగి తెలిసికొనవలెను. ఒకతెకు హక్కున్నది, చెవి లేదు. వేఱొకతెకు చెవి యున్నది, పేరు లేదు.

మఱియొకరిని మఱువరాదు. మూసిన యింటిని కనిపెట్టియుండు కుటుంబ మొకటి తఱచుగా నుండును. వాకిలి యూడ్చుట, పెంకులు చూచుట, పండుగకు ముందు సున్నము వేయుట వారి పని. "మన యింటి మనిషి" యని పిలిచి, పండుగనాడు పాతబట్టలిచ్చి పంపుదుము. వెట్టిని తిట్టుచు వ్యాసములు వ్రాయుదుము. మన యింటి యరుగుమీద దాని నీడ నిలిచియుండుట చూడము. నెలకింతయని కూలి నిర్ణయించి చెల్లించుట దయ కాదు, ఋణము.

కావున చదువరులకు మా మనవి యిది. పల్లెలో తాళము వేసిన యిల్లుగలవారు వచ్చు పండుగకు ముందే తోబుట్టువులందఱను, ఆడువారిని మగవారిని, ఒకచోట కూర్చుండబెట్టుడు. ఎందఱు వారసులో అన్ని తాళపుచెవులు చేయింపుడు. పంచాయతీ లెక్కలో నందఱ పేర్లు వ్రాయింపుడు. బాగుచేయు ఖర్చును, వాడుకొను దినములను కాగితముమీద పెట్టుడు. బతుకమ్మ తొమ్మిదినాళ్లును ఇల్లు కూతుండ్రదని మొదటి పంక్తిగా వ్రాయుడు. ఎదిగిన కోడలి పేరును ఆమె కష్టపడి నిలిపిన యింటి కాగితమున చేర్పుడు. నిలుపుకొను శక్తి యెవరికిని లేనిచో, కూలిపోవువఱకు నుంచుటకంటె అమ్మి పంచుకొనుటయో, ఊరి గ్రంథాలయమున కిచ్చుటయో మేలు.

ఇట్లు చేసిన నింటిలో కలతలు వచ్చునని కొందఱందురు. కలత రాకుండుటకు కారణము ఇన్నాళ్లును ఒకరు నోరుమూసికొని యుండుటయే యైనచో, ఆ నెమ్మదిని నెమ్మది యనరాదు.

మా యక్కకు తాళపుచెవి చేయించి యిచ్చితిమి. దానికైన ఖర్చు స్వల్పము; చట్టము మారిననాటినుండి యా పనికి మేము తీసికొన్న కాలము స్వల్పము కాదు. తరువాత పంచాయతీ లెక్కలో నామె పేరును చేర్పించితిమి. తాళపుచెవి మేము మరల పుచ్చుకొనవచ్చును, పేరును పుచ్చుకొనజాలము. ఆ మఱుసటి యేడు మేము దసరాకు చేరునప్పటికి తలుపు తీసియే యుండినది. జరిగిన పెంకులు వానకాలమునకు ముందే సర్దబడియుండినవి. ఎవరు సర్దించిరని మే మడుగవలసిన పని లేకపోయెను.